వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, ఎలక్ట్రీషియనేమో మామూలే అంటున్నాడు

అద్దెకొంప · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండు నెలల క్రితం మల్కాజ్‌గిరిలో ఒక అపార్ట్‌మెంట్‌లోకి అద్దెకు దిగాం. పాత బిల్డింగ్, వాచ్‌మన్ లెక్కలో పాతికేళ్లు దాటింది. గాలీ వెలుతురూ బాగున్నాయని తీసుకున్నాం.

అమ్మ వాష్ ఏరియాలో బట్టలు తీస్తుంటే మెషీన్ అంచు తగిలి చెయ్యి జిల్లుమందట. మొదట రెండు మూడు సార్లు మాకు చెప్పలేదు, నరాల బలహీనత అనుకుందట. నిన్న పొద్దున ఒక చేత్తో కుళాయి తిప్పుతూ రెండో చెయ్యి మెషీన్ మీద ఆనించింది. ఈసారి గట్టిగా లాగింది. బకెట్ వదిలేసి కేకేసింది.

సందు చివర ఉండే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. మెషీన్ బాడీకి టెస్టర్ పెట్టాడు, వెలగలేదు. "ఏం లేదన్నా, వానాకాలం గద, తేమకు గట్లనే ఉంటది. అమ్మను చెప్పులేసుకోమను" అని రెండొందలు తీసుకుని వెళ్లాడు.

ఇంకో రెండు సంగతులు. గీజర్ వేసినప్పుడల్లా హాల్లో లైటు వెలుగు తగ్గుతోంది. మెయిన్ బోర్డులో 'టీ' అని రాసి ఉన్న చిన్న బటన్ ఉంది, నొక్కితే ఏమీ కావట్లేదు. వీటికీ షాక్‌కీ సంబంధం ఉందా? ఓనర్‌కి ఫోన్ చేసేముందు నాకూ కాస్త తెలిసుంటే మంచిదని అడుగుతున్నా.

ఇరానీ చాయ్ · శనివారం రాత్రి 9:52

టీ బటన్ నొక్కితే టీ రాలేదా, దారుణం.

జోకు పక్కన పెడితే, మా ఇంటికొచ్చినవాడూ చెప్పుల సలహానే ఇచ్చాడు. ఈ ఊళ్లో ఎలక్ట్రీషియన్లు చెప్పుల షాపులతో కమీషన్ మాట్లాడుకున్నారేమో అని నా అనుమానం.

మెగ్గర్ మాస్టారు · శనివారం రాత్రి 10:15

అద్దెకొంప గారూ, ముందు ఆ మెషీన్ ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. కరెంటుతో నడిచే ఇనప వస్తువు దేన్నీ తడి చేత్తో ముట్టుకోవద్దని అమ్మగారికి చెప్పండి.

నేను ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యాను. చూడకుండా చెప్పేది ఎంతైనా ఊహే. అయినా ఒక మాట. టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదనడం తప్పు. అందులో ఉండేది చిన్న నియాన్ బల్బు. అరవై డెబ్భై వోల్టులు ఉంటే తప్ప అది వెలగదు. తడి చేతికి మాత్రం ఇరవై ముప్పై వోల్టులైనా తెలిసిపోతుంది.

రెండు ప్రశ్నలు. షాక్ తగిలినప్పుడల్లా గీజర్ ఆన్‌లో ఉందా? టీ బటన్ ఉన్న పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఏం రాసుంది? చదివి చెప్పండి చాలు, మూత విప్పొద్దు.

కోఠి కుర్రోడు · శనివారం రాత్రి 10:31

మాది ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ షాపు భాయ్. టీ అంటే టెస్ట్, ఆ పెట్టె ఆర్‌సీసీబీ, కరెంటు లీకైతే పడిపోయే స్విచ్. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అని అడుగుతారు. కరెంటు ఉండగా బటన్ నొక్కితే టక్‌మని పడి ఇల్లంతా చీకటి కావాలి. పడట్లేదంటే అది పాడైనా అయ్యుండాలి, లేదా ఎవరో దాన్ని తప్పించి వైర్లు డైరెక్టుగా కలిపేసి ఉండాలి. నేను చూసినంతలో రెండోదే ఎక్కువ. "అన్నా, ఇది ఊకె పడుతున్నది, తీసేద్దామా" అంటాడు పనోడు, ఓనర్ తల ఊపుతాడు. ఆ తర్వాత అది బోర్డులో అలంకారం.

పాతకాలం మనిషి · శనివారం రాత్రి 11:05

నల్లకుంటలో మా ఇల్లు 1984లో కట్టింది. ఇప్పటికీ పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజులే. ఆర్‌సీసీబీ లేదు, గాడిద గుడ్డూ లేదు. నలుగురు పిల్లలు పెరిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇవన్నీ కంపెనీలు అమ్ముకోవడానికి పుట్టించిన భయాలు.

మెగ్గర్ మాస్టారు · శనివారం రాత్రి 11:12

అన్నగారూ, మీ ఫ్యూజులో ఇప్పుడు ఏ తీగ కట్టి ఉందో రేపు పగలు మెయిన్ ఆపి ఒక్కసారి చూసి చెప్పండి. తర్వాత మాట్లాడుకుందాం.

అత్తాపూర్ అమ్మాయి · శనివారం రాత్రి 11:40

ఎవరికీ ఏమీ కాలేదు అనే మాట మా ఇంట్లోనూ అనేవాళ్లం.

మూడేళ్ల కిందట ఎండాకాలం. వరండాలో ఇనప కూలర్, గడ్డి మ్యాట్లుండే పాత రకం. నాన్న కాళ్లకి చెప్పుల్లేకుండా, కూలర్ నడుస్తుండగానే, వెనక మూత తీసి బిందెతో నీళ్లు పోస్తున్నారు. లోపల పంపు వైరు తొట్టి అంచుకు రాసుకుని రాసుకుని ఒలిచిపోయి ఉందని మాకేం తెలుసు. బిందె పడిన చప్పుడైంది. చూస్తే నాన్న కూలర్ అంచు పట్టుకుని నిలబడే ఉన్నారు, మాట లేదు, నోరు తెరుచుకుని ఉంది. నేను పరిగెత్తబోతుంటే పక్కింటి ఇంటర్ కుర్రాడు నా చున్నీ పట్టి వెనక్కి లాగి, వెళ్లి మెయిన్ దించాడు. నాన్న అక్కడే కూలబడిపోయారు. అరచేతిలో రెండు చోట్ల కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ పిల్లాడు నన్ను లాగకపోతే ఇద్దరం పోయేవాళ్లం. కూలర్ ప్లగ్గుకి మూడో పిన్ను లేదు. బోర్డులో దూరట్లేదని ఎప్పుడో మేమే విరగ్గొట్టాం.

వనస్థలి వాసి · ఆదివారం ఉదయం 7:20

చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. లేచి చూస్తే మా ఇస్త్రీ పెట్టె ప్లగ్గుకీ పొడుగు పిన్ను లేదు.

మెగ్గర్ మాస్టారు · ఆదివారం ఉదయం 7:45

ఆ పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. అది ఎర్త్ పిన్ను, లీకైన కరెంటుని నేలలోకి పంపేది. ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ ముందు కలవాలి, తీసేటప్పుడు చివర్న విడిపోవాలి. అందుకని పొడుగు. దాన్ని విరగ్గొడితే వస్తువు మామూలుగానే పనిచేస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు.

అద్దెకొంప · ఆదివారం ఉదయం 10:10

మాస్టారూ, మీరడిగింది చూశాను. అమ్మ గుర్తు చేసుకుని చెప్పింది: షాక్ కొట్టిన రోజుల్లో అన్నిసార్లూ పొద్దున్నే, నాన్న స్నానానికని గీజర్ వేసిన టైమే.

పెట్టె మీద 40 ఏ, 30 ఎంఏ (ఆంపియర్లు, మిల్లీ ఆంపియర్లు) అని ఉంది. ఓనర్‌కి ఫోన్ చేస్తే మంచాయనే, "నా దగ్గర లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ ఉన్నాడు, పంపిస్తాను" అన్నాడు. ఆయన వచ్చి మెయిన్ ఆపి మూత తీశాడు. కుర్రోడు అన్నదే నిజం. ఆర్‌సీసీబీకి వచ్చే వైర్లూ పోయే వైర్లూ కలిపి మెలేసి నల్ల టేపు చుట్టేశారు. టేపు ఎండి జిగురు కారుతోంది.

కోఠి కుర్రోడు · ఆదివారం ఉదయం 10:18

చెప్పానా.

స్విచ్‌బోర్డ్ సుబ్బు · ఆదివారం ఉదయం 10:40

ఒక డౌటు. ఎంసీబీలు (ఎక్కువ కరెంటు లాగితే పడిపోయే స్విచ్‌లు) ఉన్నాయి కదా, షాక్ కొడితే అవి పడవా? మా ఇంట్లో ఎంసీబీలు మాత్రమే ఉన్నాయి.

మెగ్గర్ మాస్టారు · ఆదివారం ఉదయం 11:02

సుబ్బు గారూ, ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాకా కిక్కురుమనదు. మనిషి గుండె దెబ్బతినడానికి అందులో ఐదొందలో వంతు చాలు. ఆ కొంచెం కరెంటు ఎంసీబీకి లెక్కలోదే కాదు.

ఆర్‌సీసీబీ పని వేరు. ఫేజ్‌లో ఎంత పోయిందో న్యూట్రల్‌లో అంతా తిరిగొచ్చిందా అని చూస్తూ కూర్చుంటుంది. కిరాణా కొట్టు లెక్కలాంటిది. తేడా 30 మిల్లీ ఆంపియర్లయ్యేలోపే, రెప్పపాటులో పడిపోతుంది. తేడా వచ్చిందంటే కరెంటు దారి తప్పి ఇంకెక్కడినుంచో, మన ఒంట్లోంచి కూడా కావచ్చు, నేలలోకి పోతున్నట్టు. అయితే ఒక చేత్తో ఫేజూ ఇంకో చేత్తో న్యూట్రలూ పట్టుకుంటే అదీ కాపాడలేదు. దానికి మనిషీ బల్బూ ఒకటే.

వనస్థలి వాసి · ఆదివారం ఉదయం 11:30

మా డీబీలో, అంటే మెయిన్ బోర్డులో, ఉన్న ఆర్‌సీసీబీ మీద 300 ఎంఏ అని ఉంది. పెద్ద నంబరు కదా, ఇంకా మంచిదేనా?

కోఠి కుర్రోడు · ఆదివారం ఉదయం 11:33

ఉల్టా భాయ్. 300 అంటే అంత తేడా వచ్చేదాకా చూస్తూ ఊరుకుంటుంది. నిప్పంటుకోకుండా చూసుకోవడానికి పనికొస్తుంది, మనిషికి కాదు. ఇంట్లోకి 30 కావాలి. కస్టమర్లు కూడా పెద్ద నంబరు చూపించి అదే ఇవ్వమంటారు.

అద్దెకొంప · ఆదివారం సాయంత్రం 6:25

పెద్ద కథే జరిగింది, కాస్త ఓపిగ్గా చదవండి.

కాంట్రాక్టర్ మల్టీమీటర్ తెచ్చాడు. ఒక తీగ మెషీన్ బాడీకి, ఇంకోటి కుళాయికి పెట్టాడు. గీజర్ ఆపి ఉంటే 3 వోల్టులు. గీజర్ వేయగానే 24కి ఎగబాకింది. అమ్మ పక్కనే నిలబడి "చూశావా, నాకు పిచ్చి కాదు" అంది.

తర్వాత పాత టేపు విప్పి వైర్లను మళ్లీ ఆర్‌సీసీబీకి కలిపాడు. అన్ని ఎంసీబీలు దించి దాన్ని ఎత్తితే నిలబడింది. లైట్ల ఎంసీబీ ఒక్కటి ఎత్తాడు, టక్. దాన్ని దించి ఫ్రిజ్‌ది ఎత్తాడు, టక్. ఏసీది, అదీ టక్. ఏది వేసినా పడుతోంది. "ఆర్‌సీసీబీయే పోయినట్టుంది, రేపు కొత్తది తెస్తా" అని, అప్పటిదాకా దాన్ని మళ్లీ తప్పించి వెళ్లాడు. మెషీన్ ప్లగ్గు పీకే ఉంది, గీజర్ వాడట్లేదు.

మెగ్గర్ మాస్టారు · ఆదివారం సాయంత్రం 6:50

కొత్తదానికి డబ్బులు పెట్టకండి, ఆగండి. అది పాడవలేదు, దాని పని అది చేస్తోంది.

ఒక వస్తువు లీకైతే ఆ ఎంసీబీ వేసినప్పుడే పడాలి. ఏది వేసినా పడుతోందంటే ఇంట్లో ఎక్కడో న్యూట్రలూ ఎర్తూ కలిసిపోయాయి. ఏ లైటు వేసినా దాని కరెంటులో కొంత న్యూట్రల్‌లోంచి కాకుండా ఎర్త్‌లోంచి తిరిగి వెళ్తోంది, లెక్క తప్పుతోంది. మెయిన్ ఆపేసి, డీబీలో న్యూట్రల్ పట్టీ నుంచి ఒక్కో వైరూ విప్పి, మెగ్గర్‌తో (వైరు ఎక్కడైనా లీకవుతోందా అని కొలిచే మీటర్) ఎర్త్‌కి చూడమనండి. 500 వోల్టుల మెగ్గర్. వస్తువుల ప్లగ్గులన్నీ పీకి చూడాలి, లేకపోతే ఎల్ఈడీలూ టీవీలూ పోతాయి. ఏ వైరైనా కనీసం 1 మెగోమ్, అంటే పది లక్షల ఓమ్‌లు, చూపించాలి. సున్నా చూపించిన వైరు ఎటు పోతుందో అక్కడ వెతకండి. నా ఊహ, వాష్ ఏరియా.

ఇరానీ చాయ్ · ఆదివారం సాయంత్రం 7:05

గీజర్ లేకుండా వానాకాలంలో స్నానం. అంకుల్‌కి నా సానుభూతి.

స్విచ్‌బోర్డ్ సుబ్బు · ఆదివారం రాత్రి 8:15

నెట్‌లో చదివా, మెషీన్లలో ఫిల్టర్ ఉంటుందట, ఎర్త్ లేకపోతే బాడీ మీద కొంచెం కరెంటు కనిపించడం సహజమట. అదే కాదా ఇది?

మెగ్గర్ మాస్టారు · ఆదివారం రాత్రి 8:40

మంచి ప్రశ్న. ఆ సంగతి నిజమే. అయితే అలాంటప్పుడు బాడీ మీద వంద వోల్టుల దాకా కనిపిస్తుంది, టెస్టర్ సన్నగా వెలుగుతుంది, గీజర్ వేసినా ఆపినా ఒకేలా ఉంటుంది. ఇక్కడ టెస్టర్ వెలగలేదు, గీజర్‌తో పాటు వోల్టులు పెరుగుతున్నాయి. ఇంటి మెయిన్ న్యూట్రల్ కూడా ఎక్కడో వదులైందని అనుమానం. లైటు మసకబారడం దాని గుర్తే. మీటర్ దగ్గర మెయిన్ స్విచ్ కూడా విప్పి చూడమనండి. మీటర్‌కున్న సీలు జోలికి మాత్రం పోవద్దు. లోపం మీటర్‌కి అవతల ఉంటే 1912కి ఫోన్ చేయాలి, అది డిస్కమ్ (కరెంటు సరఫరా కంపెనీ) వాళ్ల పని.

పాతకాలం మనిషి · సోమవారం ఉదయం 9:30

మాస్టారు గారికి. చూశాను. ఫ్యూజు తీగ కాదు. ఏదో టేబుల్ ఫ్యాన్ వైరులోంచి తీసిన రాగి పోగులు, ఐదారు మెలేసి కట్టి ఉన్నాయి. కట్టింది నేనే, 2009లో అనుకుంటా, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని. ఇంట్లో వైరింగ్ అల్యూమినియం. స్విచ్ బోర్డు ఒకటి ఊడదీస్తే వైరు కొస పెళుసుగా విరిగి చేతిలోకి వచ్చింది.

ఇప్పుడేం చేయమంటారు?

మెగ్గర్ మాస్టారు · సోమవారం ఉదయం 9:50

ముందుగా, నిజం చెప్పినందుకు దండం. ఆ పోగులు ఎంత కరెంటుకు తెగుతాయో ఎవరికీ తెలియదు. అవి తెగేలోపు గోడలో వైరు కాలుతుంది.

మీ ఇల్లు ఇక మరమ్మతుల దశ దాటింది. పైపుల్లో పాత వైరు లాగేసి రాగి వైరు వేయించండి. లైట్లకి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది, 16 ఆంపియర్ల ప్లగ్గులకి రెండున్నర, ఏసీకీ గీజర్‌కీ దేనికది విడిగా నాలుగు. ప్రతి ప్లగ్గు దాకా పచ్చ ఎర్త్ వైరు వెళ్లాలి. వైరు కాయిల్ (చుట్ట) మీద ఐఎస్ఐ గుర్తూ, దాని కింద సీఎం/ఎల్ నంబరూ ఉంటాయి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో చెప్తుంది.

కోఠి కుర్రోడు · సోమవారం ఉదయం 10:05

అంకుల్, కాయిల్ 90 మీటర్లు. కొనేటప్పుడు బరువు చూడండి. అదే సైజు, చేత్తో ఎత్తితే తేలిగ్గా ఉంటే లోపల రాగి తక్కువున్నట్టే. మా బజార్లోనే దొరుకుతాయి అలాంటివి, దాచడమెందుకు.

అద్దెకొంప · సోమవారం రాత్రి 8:50

దొరికింది!! మాస్టారు చెప్పినట్టే, రెండు చోట్ల.

మొదటిది వాష్ ఏరియా. మెగ్గర్ సున్నా చూపించిన వైరు అక్కడికే పోయింది. మెషీన్ పెట్టే సాకెట్ బోర్డు నాలుగు స్క్రూలు విప్పి ముందుకు లాగాడు. వెనక రెండంగుళాల పచ్చ వైరు ముక్క. ఒక కొస న్యూట్రల్ పిన్నుకి, రెండో కొస ఎర్త్ పిన్నుకి. చాలా శుభ్రంగా, స్క్రూ బాగా బిగించి ఉంది. తెలియకుండా జరిగింది కాదు, ఎవరో తెలిసే పెట్టారు.

రెండోది కింద మీటర్ల గది. మా మెయిన్ స్విచ్ విప్పితే న్యూట్రల్ స్క్రూ బొగ్గులా ఉంది. దాని చుట్టూ నల్ల వైరు తోలు కరిగి, చల్లారి, బొబ్బలెక్కింది. వేలితో ఆడిస్తే వైరు ఆడుతోంది.

కాంట్రాక్టర్ ఆ కొస కోసేసి, కొత్త లగ్గు (వైరు కొసకి వేసే లోహపు తొడుగు) వేసి బిగించాడు. గీజర్ వేసి కొలిస్తే 24 కాస్తా 2 అయింది. "అయిపోయింది సార్, ఇక షాక్ రాదు. ఆ ముక్క ఉంటే ఉండనీ, తీస్తే మళ్లీ మెషీన్‌వాళ్లు ఎర్త్ లేదని గోల చేస్తారు" అంటున్నాడు. మెషీన్ బిగించడానికి వచ్చేవాళ్లు ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య వోల్టులు కొలుస్తారట, ఎక్కువుంటే బిగించరట. అందుకని ముందున్న అద్దెవాళ్ల టైంలో ఎవరో ఇలా లూప్ కొట్టి సున్నా చూపించారు. లూప్ కొట్టగానే ఆర్‌సీసీబీ పడటం మొదలైంది. పడుతోందని దాన్నీ తప్పించారు. అదీ సంగతి. ముక్క తీయించాలా వద్దా?

మెగ్గర్ మాస్టారు · సోమవారం రాత్రి 9:04

తీయించాలి. ఈ రాత్రే. తీసేదాకా ఎర్త్ పిన్నున్న వస్తువు ఏదీ వాడొద్దు, ఫ్రిజ్ కూడా.

ఆ ముక్క వల్ల మీ ఇంట్లో ఎర్త్ ఉన్న ప్రతి ఇనప వస్తువూ న్యూట్రల్‌కి కట్టేసినట్టుంది. ఆ నల్ల స్క్రూ దగ్గర వైరు పూర్తిగా ఊడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. వెలుగుతున్న బల్బులోంచి, నడుస్తున్న ఫ్యాన్‌లోంచి ఫేజ్ వచ్చి న్యూట్రల్‌లో నిలబడిపోతుంది, ఎర్త్ కూడా సరిగ్గా లేకపోతే పోయే దారి ఉండదు. అది ఆ ముక్కలోంచి ఫ్రిజ్ తలుపు మీదికీ, మెషీన్ మీదికీ, గీజర్ మీదికీ వస్తుంది. అప్పుడు 24 కాదు, 230కి దగ్గర్లో కూడా ఉండొచ్చు.

ఇంకో లెక్క. 2,000 వాట్ల గీజర్ తీసుకునేది 8 నుంచి 9 ఆంపియర్లు. ఆ ఒక్క స్క్రూ దగ్గర ఇరవై వోల్టులకు పైగా పోతున్నాయంటే దాదాపు 200 వాట్ల వేడి. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది, దాంతో సీసం కరుగుతుంది. మీ మీటర్ గదిలో ఇన్నాళ్లూ రోజూ పొద్దున్నే అలాంటివి ఎనిమిది వెలిగాయి.

అత్తాపూర్ అమ్మాయి · సోమవారం రాత్రి 9:20

మీటర్ల గది అంటే మెట్ల కిందేగా? మా దాంట్లో పాత పేపర్లూ, వాచ్‌మన్ పరుపూ ఉంటాయి.

వనస్థలి వాసి · సోమవారం రాత్రి 9:26

దాదాపు అన్ని చోట్లా మెట్ల కిందే, కిందికి దిగడానికి అదొక్కటే దారి. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో మంటలంటుకుని ఒకే భవనంలో 17 మంది పోయారు, అందులో చిన్న పిల్లలూ ఉన్నారు. షార్ట్ సర్క్యూట్ అనే మొదట చెప్పారు. ఆ వారం మా అసోసియేషన్‌లో మెట్ల కింద సామాను తీయాలని తీర్మానం చేశాం. నెలకల్లా సైకిళ్లు మళ్లీ అక్కడికే చేరాయి.

అద్దెకొంప · బుధవారం రాత్రి 9:15

ముక్క సోమవారం రాత్రే తీసేశారు. మళ్లీ కలిపితే ఆర్‌సీసీబీ నిలబడింది. అన్నీ వేశాం, పడలేదు. అందరం చప్పట్లు కొట్టాం. మంగళవారం పొద్దున నాన్న గీజర్ వేసి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డారు. మూడు నిమిషాలకి టక్.

గీజర్ విప్పి ఎలిమెంట్‌కి మెగ్గర్ పెడితే సున్నా. బయటికి లాగితే ఎలిమెంట్ కనిపించలేదు, సున్నపురాయి కడ్డీలా ఉంది. మాది బోరు నీళ్లు. గీరితే ఒక చోట రాగి గొట్టం పగిలి సన్నటి చీలిక. నీళ్లు లోపలికి దిగి వేడెక్కాక లీకవుతోందట. ఇన్నాళ్లూ ఆ లీకంతా ఆ పచ్చ ముక్కలోంచి చప్పుడు లేకుండా న్యూట్రల్‌లోకి పోయిందన్నమాట. కొత్త ఎలిమెంట్ వేశారు, ఇప్పుడు పడట్లేదు. డబ్బులు ఓనర్ ఇచ్చాడు, మెషీన్ సాకెట్ కొత్తది నేను వేయించుకున్నా.

మిగిలింది ఎర్త్. కాంట్రాక్టర్ ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 38 ఓమ్‌లు వచ్చింది. ఎర్త్ పిట్ (ఎర్త్ పైపు పాతిన గుంత) ఎక్కడుందో అసోసియేషన్‌లో ఎవరికీ తెలియదు. వాచ్‌మనే చూపించాడు, పార్కింగ్‌లో ఒకాయన స్కూటర్ స్టాండు కింద. మూత తీస్తే ఎండిన మట్టి, తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఇనప) పైపు, ఒక గుట్కా ప్యాకెట్.

మెగ్గర్ మాస్టారు · బుధవారం రాత్రి 9:40

38 అంటే చాలా ఎక్కువ. ఐదు లోపు ఉంటే మేం సంతోషిస్తాం. ఫేజ్ పూర్తిగా బాడీకి తగిలిందనుకోండి, 230ని 38తో భాగిస్తే 6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని పట్టించుకోదు, బాడీ మీద కరెంటు అలాగే నిలబడుతుంది. మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఒక్కటే అడ్డు. అందుకే అది పడినప్పుడల్లా దాన్ని తిట్టుకోవద్దు.

మన ఊరితో ఇదే బాధ. నాలుగడుగులు తవ్వితే బండ. మామూలు నేలలో దిగినట్టు పైపు దిగదు, తేమ నిలవదు. పాత పద్ధతిలో బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసేవాళ్లు, ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లు. పైపు మీద గరాటు ఉండేది అందుకే. ఇప్పుడు మట్టిలో కలిపే పొడి వస్తోంది, బండ ఉన్నచోట అదీ, ఒకటికి రెండు పిట్‌లూ మంచిది. ఈలోపు రెండు బకెట్ల నీళ్లు పోసి మళ్లీ కొలవండి.

స్విచ్‌బోర్డ్ సుబ్బు · గురువారం ఉదయం 8:10

నేనూ మా ఇంట్లో ఆర్‌సీసీబీ పెట్టించా. ఇన్వర్టర్ మీదికి వెళ్లగానే పడుతోంది. మావాడూ "తీసేద్దామా" అంటున్నాడు!

మెగ్గర్ మాస్టారు · గురువారం ఉదయం 8:25

తీయనివ్వకండి. ఇన్వర్టర్ లైన్ న్యూట్రలూ మామూలు లైన్ న్యూట్రలూ ఎక్కడో కలిపేసి ఉంటారు. ఇన్వర్టర్ లైట్లకీ ఫ్యాన్లకీ న్యూట్రల్ విడిగా లాగాలి. అరపూట పని, అందుకే తీసేద్దామంటాడు.

ఉప్పల్ ఉదయం · గురువారం మధ్యాహ్నం 1:10

వాన నీళ్లు చొరబడే ఇళ్లవాళ్లకి ఒక మాట. 2020 అక్టోబర్ వానలకి మా గ్రౌండ్ ఫ్లోర్‌లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. గోడలు ఆరాయని వారానికి మెయిన్ వేశాం, ఏమీ కాలేదు. నెల తర్వాత టీవీ వెనక ప్లగ్గు నుంచి కాలిన వాసన. బోర్డు విప్పితే లోపల బురద, గట్టిపడిన బురద, అందులో చనిపోయిన వానపాము. పైకి ఆరినా లోపల ఆరదు. అన్ని బోర్డులూ విప్పి కడిగి, ఆరబెట్టి, మెగ్గర్ చూపించాకే వేయాల్సింది. ఇప్పుడు ప్లగ్గులన్నీ నడుం పైకి జరిపించాం, చూడ్డానికి వికారంగానే ఉంటుంది.

పాతకాలం మనిషి · శనివారం ఉదయం 11:00

వైరింగ్‌కి మనిషిని మాట్లాడాను. వచ్చే నెల మొదలు. మా ఆవిడ ఈ చర్చంతా చదివి, 2009 నుంచి నన్ను నమ్మి నిద్రపోయినందుకు తనని తనే తిట్టుకుంటోంది.

ఇరానీ చాయ్ · శనివారం ఉదయం 11:06

అద్దెకొంపా, ఆ కాంట్రాక్టర్ నంబరు పెట్టవా?

వేదిక నిర్వాహకుడు · శనివారం ఉదయం 11:20

ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, విడిగా మెసేజ్ చేసుకోండి.

అద్దెకొంప · తర్వాతి నెల 1వ తారీఖు, రాత్రి 8:20

చివరి అప్‌డేట్. నీళ్లు పోశాక 38 కాస్తా 21కి దిగింది. అసోసియేషన్ మీటింగ్‌లో ఎర్త్ పిట్ సంగతి ఎత్తితే గంట సేపు రంగుల గురించి మాట్లాడారు. చివర్న ఒక పెద్దాయన లేచి, వాళ్ల ఫ్రిజ్ కూడా జిల్లుమంటోందని, తేమ అనుకున్నానని అన్నాడు. తర్వాత ఇంకొకావిడ. మొత్తం తొమ్మిది ఫ్లాట్లలో నాలుగు. రెండు కొత్త పిట్‌లకి ఒప్పుకున్నారు, రంగులు దసరా తర్వాతకి వాయిదా.

ఇకమీదట నెలకోసారి టీ బటన్ నొక్కి చూద్దామనుకున్నా. ఇందాకే నొక్కా. టక్‌మని పడింది, ఇల్లంతా చీకటి. సీరియల్ సరిగ్గా అసలు ఘట్టంలో ఉందట, అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.